బైట్ కాదు, లడ్డూ: కిషన్‌బాగ్ గల్లీలో 46 కిలోల రాట్‌వైలర్, ఆరు గ్యాడ్జెట్లు

మా కుక్క పేరు మొదట బైట్. ఎనిమిది బిట్లు కలిస్తే వచ్చే బైట్ అన్నమాట. బీటెక్ బ్యాచ్ అంతా కూర్చుని పెట్టిన పేరు, అప్పట్లో మాకు భలే జోక్‌లా అనిపించింది. అందులో ఉన్న సమస్య నాకు కిషన్‌బాగ్ గల్లీలో అర్థమైంది. ఒకరోజు పొద్దున్నే నల్లటి రాట్‌వైలర్‌ని చూస్తూ "బైట్! బైట్! కమాన్!" అని అరిచా. ఎదురుగా పాల ప్యాకెట్ పట్టుకుని వస్తున్న పెద్దాయన అక్కడే ఆగి, ఒక్క మాట కూడా అనకుండా వెనక్కి తిరిగి, వేరే గల్లీలోంచి వెళ్ళిపోయారు.

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే నేను ఈసారి కుక్క గురించి రాస్తున్నా. కారణం సింపుల్. రెండేళ్ళలో వీడి కోసం నేను కొన్న, వాడిన, పక్కన పడేసిన గ్యాడ్జెట్ల లిస్ట్ నా సొంత గ్యాడ్జెట్ల లిస్ట్ కన్నా పెద్దదైంది. "ఇంట్లో పెద్ద కుక్క ఉంది, ఏ ట్రాకర్ కొనాలి?" అని ఫ్రెండ్స్ అడుగుతూనే ఉన్నారు. జవాబు చెప్తా, కానీ ముందు కథ వినండి. అది వినకుండా ట్రాకర్ కొంటే నాలాగే డబ్బులు వేస్ట్ చేసుకుంటారు.

వాడు మా ఇంటికి ఎలా వచ్చాడు

నేను కొనలేదు. 2023 ఆగస్టులో మా ఫ్రెండ్ ఎంఎస్ కోసం అమెరికా వెళ్ళాడు. ఎనిమిది నెలల రాట్‌వైలర్‌ని ఎవరూ తీసుకోమన్నారు. "రెండు వారాలు ఉంచుకోరా, ఎవరో ఒకరు దొరుకుతారు" అన్నాడు. ఎవరూ దొరకలేదు. అమ్మ, నేను ఉండేది కింద పోర్షన్‌లో. ముందు చిన్న వరండా, గేటు దాటితే గల్లీ. రెండు బైకులు ఎదురెదురుగా వస్తే ఒకటి ఆగాల్సిందే. అటు మూసీ, ఇటు జూ పార్క్. తెల్లవారుజామున గల్లీ నిశ్శబ్దంగా ఉంటే జూలో సింహం గర్జన అప్పుడప్పుడు మా దాకా వినిపిస్తుంది. వీడు చెవులు రిక్కించి వింటాడు, తర్వాత వచ్చి నా కాళ్ళ దగ్గర దూరతాడు. ఇంత ధైర్యవంతుడు మనవాడు.

కానీ గల్లీకి అది తెలీదు కదా. అదే ఏడాది ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని వీధికుక్కలు చంపేసిన సీసీటీవీ వీడియో హైదరాబాద్‌లో ప్రతి ఫోన్‌కీ చేరింది. అది చూసిన తల్లి ఎవరైనా మా గేటు ముందు నుంచి పిల్లాడిని ఎత్తుకుని పరిగెత్తితే, తప్పు ఆమెదని నేను అనలేను.

కసాయివాళ్ళ కుక్క

రాట్‌వైలర్ అంటే సినిమాల్లో విలన్ బంగ్లా కాపలా కుక్క. అసలు కథ వేరే ఉంది. ఈ జాతికి పేరు జర్మనీలోని రాట్‌వైల్ అనే ఊరి నుంచి వచ్చింది. పశువుల మందలని సంతకి తోలడం, మాంసం బళ్ళు లాగడం దీని పని. కసాయివాళ్ళు సంతలో వచ్చిన డబ్బుని దీని మెడకి కట్టి ఇంటికి తెచ్చుకునేవాళ్ళని చెప్తారు. రైళ్ళొచ్చి పశువుల్ని మోయడం మొదలుపెట్టాక దీనికి పని పోయింది, జాతి బాగా తగ్గిపోయింది. 20వ శతాబ్దం మొదట్లో పోలీసు కుక్కగా మళ్ళీ ఉద్యోగం దొరికింది. అంటే ఆటోమేషన్‌తో జాబ్ పోయి, కొత్త స్కిల్ నేర్చుకుని తిరిగొచ్చిన క్యాండిడేట్ అన్నమాట.

ఈ కథ మా గల్లీ చివర మటన్ షాప్ భాయ్‌కి చెప్పా. ఆయన కత్తి పక్కన పెట్టి వాడిని పైనుంచి కింద దాకా చూసి, "అచ్ఛా, అప్నా ఆద్మీ హై" అన్నారు. మావాడికి మొదటి ఫ్రెండ్ ఆయనే.

ఇక సైన్స్ సంగతి. 2022 ఏప్రిల్‌లో 'సైన్స్' జర్నల్‌లో ఒక పెద్ద స్టడీ వచ్చింది. 18,000 పైగా కుక్కల గురించి ఓనర్ల సర్వే, 2,155 కుక్కల జన్యుక్రమం కలిపి చూశారు. ఒక కుక్క ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. మిగతాది పెంపకం, పరిసరాలు, ఆ కుక్కకుండే సొంత స్వభావం. ఇది చదివి నేను తెగ మురిసిపోయా. కానీ ఈ 9 శాతాన్ని చూపించి పక్కింటివాళ్ళని ఒప్పించొచ్చు అనుకోవద్దు. పమేరియన్ తప్పు చేస్తే బ్యాండేజ్‌తో పోవచ్చు. 46 కిలోల కుక్క తప్పు చేస్తే కథ వేరు. దూకుడుగా ఉండే అవకాశం తక్కువైనా, జరిగితే దెబ్బ పెద్దది. రిస్క్ లెక్కేసేటప్పుడు రెండూ చూడాలి.

గాలిపటం రోజు

నా తప్పు ఇక్కడుంది. ఆన్‌లైన్‌లో రివ్యూలు చూసి ఐదు మీటర్ల దాకా సాగే రిట్రాక్టబుల్ లీష్ కొన్నా. బటన్ నొక్కితే ఆగుతుంది, వదిలితే సాగుతుంది. బిల్డ్ క్వాలిటీ సూపర్, గ్రిప్ సూపర్. 2024 జనవరి, పతంగుల సీజన్. తెగిన గాలిపటం వెనక ఒక పిల్లాడు పైకి చూస్తూ పరిగెత్తుకొచ్చాడు. మావాడు ఆట అనుకుని ఎగిరాడు. నా వేలు బటన్ మీదకి వెళ్ళేలోపు మూడు మీటర్లు సాగింది. పిల్లాడు కింద పడ్డాడు, మోకాలు రోడ్డుకి గీసుకుంది. కుక్క పన్ను గానీ గోరు గానీ తగల్లేదు.

సాయంత్రానికి గల్లీ అంతా ఒకటే మాట: "బైట్ నే బైట్ కియా." పేరు పెట్టింది మేమే కదా, ఎవర్నని ఏం లాభం!

వాళ్ళింటికి వెళ్ళా. వ్యాక్సిన్ బుక్ చూపించా, సారీ చెప్పా. పిల్లాడి నాన్న కోప్పడలేదు. "మీ కుక్క మంచిదే కావచ్చు. తాడు మీ చేతిలో లేదు కదా" అన్నారు. అంత కరెక్ట్ ప్రోడక్ట్ రివ్యూ నేను ఇప్పటిదాకా రాయలేదు.

మర్నాడే ఆ లీష్ తీసేసి నాలుగు అడుగుల మామూలు నైలాన్ లీష్, ఛాతీ దగ్గర కూడా క్లిప్ ఉండే హార్నెస్ తెచ్చా. బాస్కెట్ మజిల్ అలవాటు చేశా. మూతి బిగించేసే గుడ్డ మజిల్ వద్దు. నోరు తెరిచి రొప్పితేనే కుక్క ఒళ్ళు చల్లబడుతుంది. బాస్కెట్‌లో రొప్పొచ్చు, నీళ్ళు తాగొచ్చు, మనం బిస్కెట్ కూడా పెట్టొచ్చు. ఒక్కరోజులో తొడిగేస్తే పీకి పారేస్తాడు. ముందు మజిల్‌లో చికెన్ ముక్క పెట్టి వాడే మూతి పెట్టేలా చేయాలి. మాకు మూడు వారాలు పట్టింది.

పేరు కూడా అప్పుడే మారింది. కొత్త పేరేంటో మీరే చెప్పండని గల్లీ పిల్లల్నే అడిగా. "షేర్", "కాలియా", "బ్లాక్ పాంథర్" అన్నారు. మోకాలికి దెబ్బ తగిలిన పిల్లాడు "లడ్డూ" అన్నాడు. ఓటింగ్ పెట్టలేదు, అదే ఫైనల్.

23 జాతుల లిస్ట్

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకి ఒక లేఖ రాసింది. ప్రమాదకరమంటూ 23 జాతుల పేర్లు ఇచ్చి, వాటి దిగుమతి, బ్రీడింగ్, అమ్మకం, పెంపకానికి లైసెన్సులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని చెప్పింది. పిట్‌బుల్, మాస్టిఫ్‌లతో పాటు రాట్‌వైలర్ కూడా ఆ లిస్ట్‌లో ఉంది. వాట్సాప్‌కి వచ్చేసరికి అది "రాట్‌వైలర్ ఉంటే పోలీసులు పట్టుకెళ్తారు"గా మారింది. ఇంటి ఓనర్ చాచా వచ్చి కుర్చీలో కూర్చుని, చాయ్ ముట్టుకోకుండా, "బేటా, ఏం చేద్దాం మరి?" అన్నారు.

ఆ లేఖని 2024 ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. సంబంధిత వర్గాల మాట వినకుండా నిర్ణయం తీసుకున్నారన్నది అందులో ఒక కారణం. చాచాకి ఆ వార్త చూపించా. అయితే చట్టం మనకి బాధ్యత లేదని ఎక్కడా అనలేదు. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ప్రకారం, మన దగ్గరున్న జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా రూ. 5,000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి ఇంకో మాట: 2015లో జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని పెట్టుకోవద్దని రూల్ పెట్టకూడదు. జీహెచ్‌ఎంసీ లైసెన్స్, ఏటా రేబిస్ టీకా మాత్రం మన పని. కోర్టు ఏం చెప్పినా లడ్డూకి ఆపరేషన్ చేయించేశా. ఇంకో ఎనిమిది రాట్‌వైలర్ పిల్లలకి కిషన్‌బాగ్‌లో ఇళ్ళు వెతికే ఓపిక నాకు లేదు.

14 నిమిషాల గ్రాఫ్

ఇప్పుడు అసలు కథ. పక్కింటి ఖాలా కంప్లైంట్: "నువ్వు ఆఫీసుకెళ్ళాక దినమంతా మొరుగుతూనే ఉంటది." నేను ఆఫీసుకి వెళ్ళేది వారంలో మూడు రోజులు. అమ్మ స్కూల్ టీచర్. అంటే ఆ మూడు రోజులు వాడు ఒంటరి.

సాఫ్ట్‌వేర్ వాడిని కదా, లాగ్ లేకుండా బగ్ ఒప్పుకోను. పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ని వరండాలో కెమెరాగా పెట్టా. శబ్దం ఒక లెవల్ దాటితే టైమ్‌స్టాంప్‌తో రికార్డ్ అవుతుంది. రెండు వారాల డేటా తీసి పైథాన్‌లో గ్రాఫ్ గీశా. తొమ్మిది గంటల్లో మొరుగుడు సగటున 14 నిమిషాలు. "దినమంతా" కాదు, మొత్తం టైమ్‌లో మూడు శాతం కూడా లేదు. నేను కేసు గెలిచేశా.

ఫోన్‌లో గ్రాఫ్ పెట్టుకుని ఖాలా గుమ్మం దగ్గరికి వెళ్ళా. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చూశారు. తర్వాత అడిగారు: "గ్రాఫ్ తో ఠీక్ హై బేటా. అమ్మీ కబ్ సోతే, మాలూమ్ తుమ్‌కు?"

వాళ్ళమ్మగారు మంచం పట్టి ఏడాది దాటింది. నొప్పులతో రాత్రంతా నిద్ర ఉండదు. మధ్యాహ్నం మందు వేసుకున్నాక రెండింటికి కన్ను మూతపడుతుంది. అదొక్కటే నిద్ర. నా గ్రాఫ్‌లో అన్నిటికన్నా ఎత్తైన గీత ఎక్కడుందో చూశా. 2:10 నుంచి 2:25. నేను యావరేజ్ చూపించా, ఆమె పీక్ చూపించారు. సర్వర్ పడిపోయినప్పుడు "రోజంతా సగటు లోడ్ మూడు శాతమే సార్" అని క్లయింట్‌తో అంటే ఎలా ఉంటుందో నేను చేసిన పని అలా ఉంది.

ఆ 2:10కి ఏం జరుగుతోందో ఆడియో మళ్ళీ విన్నా. ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాప్ వాళ్ళు లంచ్ తర్వాత షట్టర్ ఎత్తుతారు. ఆ కీచుమనే శబ్దానికి లడ్డూ మొదలుపెట్టి పావుగంట ఆపడు.

ఒక ఫ్రెండ్ షాక్ కాలర్ లింక్ పంపాడు. మొరిగితే మెడకి కరెంట్. రూ. 2,000కే వస్తుంది, నాలుగున్నర స్టార్లు. కార్ట్‌లో వేసి, తీసేశా. కారణం జాలి మాత్రమే కాదు, లాజిక్ కూడా. షట్టర్ శబ్దం వినగానే మెడ మీద నొప్పి వస్తే, వాడు నేర్చుకునేది "షట్టర్ అంటే నిజంగానే ప్రమాదం" అని. భయం పెరుగుతుంది, అరుపు మాత్రం బయటికి రాదు. హెచ్చరిక తీసేసిన పెద్ద కుక్క కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. వేల్స్‌లో 2010లోనే ఈ కాలర్లని నిషేధించారు.

దానికి బదులు షట్టర్ శబ్దాన్ని రికార్డ్ చేశా. ఇంట్లో బ్లూటూత్ స్పీకర్‌లో వాల్యూమ్ ఒకటి మీద పెట్టి ప్లే చేయడం, వాడు పట్టించుకోకపోతే చికెన్ ముక్క ఇవ్వడం. రోజూ పది నిమిషాలు. నాలుగు రోజులకోసారి వాల్యూమ్ ఒక గీత పెంచడం. వాడు చెవులు బిగిస్తే మళ్ళీ ఒక గీత వెనక్కి. ఆరు వారాలు పట్టింది. ఆఫీసు రోజుల్లో రెండింటికి ముందు వాడికి పని దొరికేలా, పెరుగన్నం కూరి ఫ్రీజ్ చేసిన రబ్బర్ బొమ్మని అమ్మ స్కూల్ పక్కనే ఉండటంతో లంచ్ బ్రేక్‌లో వచ్చి ఇచ్చేది.

వెల్డింగ్ షాప్ భాయ్‌కి విషయం చెప్తే నవ్వి, "ముందే చెప్పొచ్చు కదా అన్నా" అని షట్టర్ పట్టాలకి గ్రీజు రాశారు. సగం శబ్దం ఆ రోజే పోయింది. ఆరు వారాల నా ప్రాజెక్ట్‌లో సగం పని గ్రీజు డబ్బా చేసేసింది. లాగ్‌లో ఇప్పుడు 2:10 దగ్గర చాలా రోజులు ఖాళీ.

గ్యాడ్జెట్ల రివ్యూ, సూటిగా

జీపీఎస్ కాలర్: సిమ్ ఉండేది, దాదాపు రూ. 5,000. ఓపెన్ గ్రౌండ్‌లో బాగుంది. గల్లీలో మూడంతస్తుల గోడల మధ్య సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తుంది కాబట్టి చుక్క అటూ ఇటూ గెంతుతుంది. ఇంట్లో శాటిలైట్ అందకపోతే సెల్ టవర్ లొకేషన్ చూపిస్తుంది. ఒకసారి ఆఫీసులో ఉండగా లడ్డూ మూసీ మధ్యలో ఉన్నట్టు అలర్ట్ వచ్చింది. క్యాబ్‌లో గుండె చేత్తో పట్టుకుని ఇంటికొస్తే వాడు సోఫా మీద గురక పెడుతున్నాడు. కొనేటప్పుడు ఎల్1, ఎల్5 రెండు ఫ్రీక్వెన్సీలూ పట్టేది చూడండి. 2023 మే 29న ఇస్రో ప్రయోగించిన ఎన్‌వీఎస్-01తో మన నావిక్‌కి కూడా ఎల్1 వచ్చింది. ఇలాంటి చిన్న డివైస్‌లకి అది మంచి వార్త. రేటింగ్ 6/10.

బ్లూటూత్ ట్యాగ్: ఎయిర్‌ట్యాగ్ లాంటివి. ఎయిర్‌ట్యాగ్ 2021లో మన దగ్గర రూ. 3,190కి లాంచ్ అయింది. సీఆర్2032 బటన్ సెల్‌తో ఏడాది వస్తుంది, ఐపీ67 ఉంది. కానీ దాంట్లో జీపీఎస్ లేదు. దగ్గర్లో ఎవరిదైనా ఐఫోన్ ఉంటేనే లొకేషన్ అప్‌డేట్ అవుతుంది. హైటెక్ సిటీలో ఫర్వాలేదు. మా గల్లీలో ఎక్కువ ఆండ్రాయిడ్ ఫోన్లే, కాబట్టి గూగుల్ నెట్‌వర్క్‌కి పనిచేసే ట్యాగ్ నయం. మీ ఫోన్ ఏదో కాదు, మీ వీధి ఫోన్ ఏదో చూసి కొనండి. 6/10.

మైక్రోచిప్: బియ్యపు గింజంత. మెడ చర్మం కింద డాక్టర్ ఇంజెక్ట్ చేస్తారు. 15 అంకెల నంబర్, 134.2 కిలోహెర్ట్జ్ ఆర్ఎఫ్ఐడీ, బ్యాటరీ లేదు, ఛార్జింగ్ లేదు. ఇది ట్రాక్ చేయదు, చాలామంది పొరబడేది ఇక్కడే. స్కానర్ దగ్గర పెడితే నంబర్ చెప్తుంది, అంతే. ఆ నంబర్‌కి మీ ఫోన్ లింక్ చేసి ఉండాలి. కాలర్ ఊడిపోయినా ఇది ఊడదు. 9/10.

పాత ఫోన్ కెమెరా: ఖర్చు సున్నా. 9/10. డేటాని అర్థం చేసుకునే తెలివి వేరుగా కొనుక్కోవాలి.

బ్లూటూత్ స్పీకర్: మన దగ్గర ఉన్నదే. ట్రైనింగ్‌కి వాడితే 10/10.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్: కోవిడ్ రోజుల్లో నుదుటి మీద పెట్టిన గన్. సర్ఫేస్ మోడ్ ఉంటే రోడ్డు మీద గురిపెట్టండి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మా సిమెంట్ రోడ్డు 58 డిగ్రీలు చూపించింది. సాయంత్రం ఆరింటికి కూడా 47. తెల్లవారి ఐదున్నరకి 29. నల్ల బొచ్చు, పెద్ద ఒళ్ళు, కాళ్ళకి చెప్పులు లేని జీవి. అందుకే ఎండాకాలంలో మా వాకింగ్ తెల్లవారుజామునే. గన్ లేకపోతే అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టండి. మీకు కాలితే వాడికీ కాలుతుంది. కుక్క ఒంటి వేడికి మాత్రం ఈ గన్‌ని నమ్మొద్దు, బొచ్చు మీద రీడింగ్ తప్పు వస్తుంది. 8/10.

మరి పెంచొచ్చా?

గల్లీలో ఉండి రాట్‌వైలర్ కొనాలనుకునేవాళ్ళకి నా సలహా: కొనకండి. రోజుకి రెండు గంటలు, నెలకి ఒక మంచి ఫోన్ ఈఎంఐ అంత ఖర్చు, పదేళ్ళ కమిట్‌మెంట్. స్టేటస్ కోసం, రీల్స్ కోసం అయితే అసలే వద్దు. అలా కొని వదిలేసినవే తర్వాత వార్తల్లోకి ఎక్కుతాయి. ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం, మొదటి జీతం ట్రాకర్ మీద కాదు, ట్రైనింగ్ మీద పెట్టండి.

నా ఫోన్‌లో ఒక షెడ్యూల్ ఉంది. అందులో నమాజ్ టైమింగ్స్ ఉన్నాయి. మసీదుకి జనం నడిచే పావుగంటలో మేం బయటికి రాం. కుక్క నోరు బట్టలకి తగిలితే వాళ్ళు మళ్ళీ మార్చుకుని రావాలి. వాళ్ళ నమ్మకం నాది కాకపోవచ్చు, కానీ గల్లీ ఇద్దరిదీ. ఖాలా ఇప్పటికీ లడ్డూని ముట్టుకోరు. ఎదురైతే దుపట్టా దగ్గరికి లాక్కుని గోడవైపు జరుగుతారు. నేను కూడా లీష్ కురచ చేసి ఇటువైపు గోడకి జరుగుతా. మధ్యలో అరమీటరు ఖాళీ ఉంటుంది. ఆ అరమీటరులో నుంచే "లడ్డూ ఖానా ఖాయా?" అని అడుగుతారు.

ఆఫీసులో రోజూ 2:10కి నా వాచ్ వైబ్రేట్ అవుతుంది. ఒకసారి కెమెరా ఫీడ్ తెరిచి చూస్తా. "స్టాండప్ కాల్ ఉందా?" అని పక్క సీట్ వాడు అడుగుతాడు. కాదు, ఖాలా వాళ్ళమ్మగారు పడుకునే టైమ్.